ఎడమ నుంచి మూడోవాణ్ణి

ఫొటోలో నన్ను వెతకాలంటే
ఎడమ నుంచి మూడోవాణ్ణి చూడండి.
మొహం సగం హార్మోనియం మూత వెనకాల,
చేతులు మాత్రం పూర్తిగా పడినాయి.
ఇరవై రెండేళ్లు మౌలాలప్ప పాడినాడు,
నేను చప్పట్లు కొట్టినాను.

దూదేకులోళ్ల పిల్లోడు.
ఆదోనిలో పరుపులు కుట్టే సందులో
వాళ్ల నాయన ఏకే విల్లు నారి టంగుమంటే
దాని కిందుగా ఒక సా పట్టుకునేవాడంట
పాలపళ్లు ఊడకముందే.
రాగాల పేర్లు తెలిసింది ఆ తర్వాతెప్పుడో.
కొన్నిటివి చివరిదాకా తెలియనేలేదు.

ఉర్దూ చదవడం రాదు వాడికి.
జిన్నింగు మిల్లు గుమాస్తా పారేసిన లెడ్జరులో
ఫారసీ కూడా తెలుగక్షరాలే.
గొంతు అడుగు నుంచి రావాల్సిన ఖాఫ్ కింద
ఒక పెన్సిలు చుక్క,
మా చప్పట్లు పడాల్సిన చోట నిలువు గీత.
ఈ మాటకు అర్థమేందిరా అంటే
"పాడినాక చెప్తా" అనేవాడు.
ఎప్పుడూ చెప్పలేదు.

ఎమ్మిగనూరు, పత్తికొండ, గుంతకల్లు,
ఉరుసు యాడుంటే ఆడికి పత్తి లారీ మీద.
తబలా మీద దుప్పటి, దుప్పటి మీద నేను.
గంధం ఊరేగింపు అలిసి కూలబడినాక
తెల్లారుజామున మూడింటికి
వాడి గొంతు దారికొచ్చేది.
ఒళ్లో పడిన పది నోట్లూ ఇరవై నోట్లూ ఏరి
ఏడు భాగాలు పెట్టి
చిరిగినవన్నీ తన భాగంలో వేసుకునేవాడు.

హైదరాబాదుకు ఒక్కసారే పిలిచినారు.
ముందు వరసలో అత్తరు పెద్దమనిషొకాయన
పాట నడుమ చెయ్యెత్తి
"ఆ మాట అట్లా కాదు మియా" అన్నాడు.
మళ్లీ పాడినాడు. మళ్లీ కాదన్నాడు.
మూడోసారి మా చప్పట్లే తప్పినాయి.
తిరుగు రైల్లో రాయచూరు దాటేదాకా
వాడు మంచినీళ్లు ముట్టలేదు.

ఆ ఏడు మా దర్గాలో
ఎవరూ అనుకోని చోట, పల్లవికీ పల్లవికీ సందున,
వాళ్లమ్మ పింజ పింజగా దూది విప్పుతూ అనే మాట
తెలుగులో అందుకున్నాడు.
"గింజ తీసెయ్ సామీ, నన్ను తేలిక చెయ్."
అంతే. ఒక్క మాట.
పరదా వెనకాల ఆడోళ్లు లేచి నిలబడిన అలికిడి,
గాజులు.
ముతవల్లి మూతి ముడిచినాడు.
మరుసటేడు పిలుపు రాలేదు.
ఆ పై ఏడు ఆడోళ్లే చందాలేసి పిలిపించినారు.

ఊపిరితిత్తుల్లో దూది ఉందన్నాడు కర్నూలు డాక్టరు,
ఎక్స్‌రే దీపానికి పెట్టి.
"నాయన ఆస్తి" అని నవ్వబోయి దగ్గినాడు మౌలాలప్ప.
చివరి రెండేళ్లు నోరు కదిపేవాడు,
పాట మేం పాడేవాళ్లం,
జనం వాడి దిక్కే చూసేవాళ్లు.

మూడోనాడు జియారతు అయినాక
వాళ్లావిడ మాబున్ని లెడ్జరు తెచ్చి నా చేతిలో పెట్టింది.
ఆఖరి పేజీలో మాటల్లేవు.
నిలువు గీతలే, వరసగా,
ఒకచోట మాత్రం చాలా పెద్ద ఖాళీ.

మాపు మిద్దె మీద కూర్చుని
గీతల ప్రకారం కొట్టి చూసినాను.
ఖాళీ దగ్గర ఆగినాను.
ఎంతసేపు ఆగాలో రాయలేదు వాడు.
కింద నుంచి మా ఆడమనిషి అరిచింది:
"ఎవర్ని పిలుస్తాండావు, ఇంత పొద్దుపోయి?"