మూడు పుంజీలు ఒక డజను

సోమశిల రేవు దాటి పుట్టిల వచ్చినయట
పదకొండు చెక్కపెట్టెలు.
నీళ్లు సుడి తిరిగినప్పుడల్లా
పుట్టి తోలే ఈదన్న
పెట్టెలను కాదు, వాటి ధరను పట్టుకొని వణికిండట.

ఏ దొరల పెండ్లో పేరు చెప్పను.
వాళ్ల మనవళ్లు ఇంకా కొల్లాపూర్ సంతల
నన్ను చూసి తల ఊపుతరు.

మా అవ్వ తిమ్మక్క ఆ గడీల అంట్లు తోమేది.
పెట్టెలు విప్పిననాడు ముందుగాల బయటపడ్డది గడ్డి.
సీమగడ్డి. బర్రెకు వేస్తే మూతి తిప్పుకున్నదట.
గడ్డి కింద పింగాణీ.
పాలమీగడ మీద ఎవరో ఊపిరి బిగబట్టి గీసినట్టు
అంచుకు బంగారు తీగ,
తీగ లోపల మల్లెపందిరి,
నడుమ ఒక నెమలి.
నెమలిని చూడనోడు గీసిండు బిడ్డా, అనేది అవ్వ.
మెడ బాతుది, నడక కోడిది,
కన్ను మాత్రం మనిషిది.

బూడిద పెట్టొద్దు, చింతపండు తగలొద్దు,
కుంకుడు నురగతోనే కడగాలె,
బంగారం పోతే నీ కూలి పోతది
అన్నడు బట్లర్ దస్తగీర్ సాబు.
ఆయన డజన్లు లెక్కపెట్టేది, అవ్వ పుంజీలు.
మూడు పుంజీలు ఒక డజను.
ఇద్దరి లెక్క ఎన్నడూ తప్పలే.

తప్పింది ఒక్క అక్షరం.

నెమలి కాళ్ల కింద రెండు ఇంగ్లీషు అక్షరాలు.
ఒకటి నిచ్చెన లెక్క, ఒకటి కొడవలి లెక్క.
అవ్వకు చదువు రాదు.
కానీ పెండ్లిపిల్ల సందూకల మీద, రుమాళ్ల మీద
నిచ్చెన పక్కన కొడవలి లేదు,
పంగకర్ర ఉన్నది.

అడిగితే దస్తగీర్ సాబు నోటి మీద వేలు పెట్టుకున్నడు.
పళ్లాలు పురమాయించి రెండేండ్లు.
అప్పుడు కుదిరిన పిల్ల వేరే.
అమ్మవారు పోసి ఎండకాలంల పోయింది.
సముద్రం అవతల కుంచె పట్టినోనికి
ఎవరు కబురు చెప్పాలె?
వాడు గీస్తనే ఉన్నడు,
లేని పిల్ల పేరు, డజన్లకు డజన్లు,
చెయ్యి వణకకుండ.

పెండ్లినాడు మనోళ్లు మోదుగు విస్తర్లల్ల తిన్నరు,
పింగాణీ మైల అని.
తెల్లదొరలు, పట్నం నవాబులు పళ్లాలల్ల తిన్నరు,
కొడవలి మీద పులుసు పోసుకొని.

ఏడాది తర్వాత ఒక పగటిపూట
కొత్త రాణి అంట్లకాడికి వచ్చిందట, ఒక్కతే.
పళ్లెం ఎత్తి, పైటతోని తడి తుడిచి, చానాసేపు చూసి
"రోజూ నువ్వే కడుగుతవా?"
నేనే అమ్మా.
"వేడినీళ్లా?"
గోరువెచ్చగ.
"మంచిది" అన్నది.

ఆ రాత్రి ఆఖరి పుంజీల మూడే ఉన్నయి.
దస్తగీర్ సాబు రెండుసార్లు లెక్కపెట్టి
బుక్కుల అన్నీ ఉన్నయని రాసిండు.
అవ్వ కూలి కోయలే.
రాణి అద్దాల అలమరను ఎవరూ తెరవలే.

పోయినేడు పట్నం నుంచి పాత సామాన్ల వ్యాపారి వచ్చిండు.
ఒక్క పళ్లెం ఉన్నా చాలు, లక్ష ఇస్తనన్నడు.
మా ఇంట్ల ఏముంటది?
అవ్వ అరచేతులు కూడా లేవు,
కుంకుడు తిని తిని తెల్లబారినవి.

నేను పెంట్లవెల్లి బడిల ఒకటో తరగతికి చెప్త.
నల్లబల్ల మీద జే రాసేటప్పుడు
కొడవలి అంట, పిల్లలు నవ్వుతరు.
జయమ్మో, జలజాక్షో, జానకో.
ఆ తోక తిప్పేకాడ
నా సుద్దముక్క కొంచెం మెల్లగైతది.