దస్తూరి

మహారాజశ్రీ గుంటూరు జిల్లా కలెక్టరు గారి
దివ్యసముఖమునకు...
ఇంతవరకు నా చెయ్యి దానంతటదే రాస్తుందండీ.
ముప్పై ఒక్క ఏళ్ళుగా నగరంపాలెంలో
మీ గేటు పక్కన, జిరాక్సు షాపు మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను.
పింఛను ఆగినవాళ్ళకి, పట్టాలో పేరు తప్పుపడినవాళ్ళకి.
బతికుండగానే రికార్డుల్లో చచ్చిపోయిన ఒక ముసలాయన్ని
రాసి రాసి బతికించాను.
ఈ సోమవారం మాత్రం
రెండో పంక్తి దగ్గర పెన్ను ఆగింది.

అర్జీదారు నూర్‌బాషా మీరాంబీ, ఆనందపేట, కుట్టుపని.
భర్త ఇద్రీస్, సూడాన్ దేశస్థుడు.
ఇక్కడికి ఫార్మసీ చదవడానికొచ్చి
ఈమె దగ్గర చొక్కా చేతులు పొడుగు చేయించుకున్నవాడు.
మన రెడీమేడ్లు ఆ మనిషికి మోచేతుల దాకానే వచ్చేవట.
మూడు చొక్కాలతో అయిపోవాల్సిన బేరం,
నాలుగో చొక్కా నిఖాకి కుట్టింది.
బిడ్డ హనాన్. పెద్దాసుపత్రిలో పుట్టింది,
సర్టిఫికెట్టు జతపరచడమైనది.

నాయనమ్మకి జబ్బని తండ్రీ బిడ్డా వెళ్ళారు, పదిహేను రోజులకని.
మూడో టికెట్టుకి డబ్బు చాలలేదు.
వెళ్ళిన పదకొండో రోజు ఆ ఊళ్ళో
రెండు సైన్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.
ఎందుకట అని అడిగాను.
"నాకూ వాళ్ళకూ గట్టు తగాదా ఏం లేదు బాబాయ్,
అట్లాగే రాయి" అంది.
రాశాను.

మనవాళ్ళని తెచ్చుకోడానికి ఓడ వెళ్ళింది.
బిడ్డ పాస్‌పోర్టు కాలిన ఇంట్లో ఉండిపోయింది,
తండ్రి పాస్‌పోర్టు మనది కాదు.
రేవులో లిస్టు చదివిన ఆఫీసరు మంచివాడేనట,
బిడ్డ చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టాడట.
ఓడ కదిలిపోయింది.

ఇది నాలుగో అర్జీ.
మొదటిదాని మీద "పరిశీలించవలెను" అని ఉంది.
రెండోదాని మీద "మా పరిధిలోనిది కాదు".
మూడోదాని మీద టీ గ్లాసు అడుగు, గుండ్రంగా.
ఎవరో దాన్ని చేతిలోకైతే తీసుకున్నారని
ఆమెకి అదే ధైర్యం.

రేషన్ కార్డు మనిషి వచ్చి ఇంట్లో ఎందరని అడిగితే
ముగ్గురంది.
కనపడేవాళ్ళు ఎందరన్నాడు.
గడప దగ్గర మూడు జతల చెప్పులు చూపించింది.
ఒకరు అని రాసుకెళ్ళాడు.
అతన్ని తప్పుపట్టను,
చెప్పులకి వేలిముద్ర పడదు.

సిగ్నలు దొరికిన రోజున ఫోన్లో బిడ్డ గొంతు వస్తుంది.
మొదటి నెల: "అమ్మా, ఇక్కడ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి."
ఆరో నెల: "అమ్మా, మోయ లేదు."
మధ్యలో ఎక్కడో 'నీళ్ళు' జారిపోయాయి.
మొన్న వచ్చినదాంట్లో తెలుగు వెతికితే
ఒక్క 'అమ్మా' దొరికింది,
అదీ గాలిచప్పుడులో సగం.
అయ్యా,
పింఛను ఆలస్యమైతే బకాయిలు కలిపి ఇస్తారు.
మాటలకి బకాయిలుండవు.

మిమ్మల్ని యుద్ధం ఆపమనడం లేదు.
ఢిల్లీకి ఒక ఉత్తరం.
బిడ్డకి కొత్త పాస్‌పోర్టు, తండ్రికి వీసా.
ఏ రేవు చెప్తే ఆ రేవుకి నడిచైనా వస్తారు.
ఆకుపచ్చ సిరా మీ దగ్గరుంది, మా దగ్గర నీలమే.
నీలంతో నాలుగు పేజీలు నింపినా అది అర్జీ,
ఆకుపచ్చతో రెండు ముక్కలు రాస్తే ఆర్డరు.

చివర "చిత్తగించవలెను" అని రాయబోతే
మీరాంబీ నా చెయ్యి పట్టుకుంది.
"మూడుసార్లూ అదే రాశావు.
ఎప్పుడో అడుగు."
ముప్పై ఒక్క ఏళ్ళలో నేను రాయని మాట.
అడుగుతున్నాను. ఎప్పుడు?

డబ్బులొద్దన్నాను.
ఊరికే రాసినవి ఊరికే పోతాయని
నలభై రూపాయలు అట్ట కింద దోపి వెళ్ళింది.

ఆమె వ్రాలు కింద రెండు గీతలు ఖాళీగా వదిలాను.
మిగతా ఇద్దరూ మీ ఎదుట నిలబడి చెయ్యాల్సినవి.
ఆ చోట దయచేసి ఏ ముద్రా వెయ్యొద్దని మనవి.

దస్తూరి: మాచవరపు ఏసుపాదం