తొమ్మిదో నిమిషం

ఆరేళ్ల చదువుని ఐదేళ్లకు కుదించాం.
సైకాలజీ డిగ్రీ చేతికి రాకముందే
కౌన్సెలింగ్ క్లాసులు మొదలు.
ఆనికా డైక్‌హౌస్‌కి ఇరవై ఒకటి.
సంతకంలో కూడా సగం పేరే ఉంటుంది.

అయోవాలో, చర్చి నేలమాళిగలో
రెండు మడత కుర్చీలు, టిష్యూ డబ్బా,
మూలన కెమెరా.
ఎదురుగా వెర్లిన్, మోకాలికి టోపీ తగిలించుకుని.
అక్టోబరులో ఆయన తమ్ముడు
మొక్కజొన్న గాదెలోకి దిగాడు.
గింజలు మింగేశాయి.

రికార్డింగులు చూడటం నా పని.
తొమ్మిదో నిమిషం. ఆయన నోరు తెరిచి, మూశాడు.
వెంటనే ఆనికా: "ప్రార్థన చేద్దామా?"
తల వంచాడు, మర్యాదస్తుడు.
ఆమెన్ తర్వాత మంచు గురించి మాట్లాడి వెళ్లిపోయాడు.

"ఆ ప్రార్థన ఎవరికి అవసరమైంది?" అని అడిగాను.
నన్నూ ఒకప్పుడు ఇదే అడిగారు.
నేనైతే అబద్ధం చెప్పాను.
ఆమె చెవులు ఎర్రబడ్డాయి.
"నాకే" అంది.

మరుసటి గురువారం
తొమ్మిదో నిమిషంలో హీటరు గురక.
పదిలో ఆనికా చేతులు, ఒకదాన్నొకటి పట్టుకుని.
పైన ఎవరో ఆర్గాన్ మీద ఒకే మెట్టు
పదే పదే నొక్కుతున్నారు,
బాగుచేస్తున్నారు కాబోలు.
పదమూడు.

"వాడి బూటు ఒకటి ఇంకా దొరకలేదు," అన్నాడు వెర్లిన్.
"గాదె మొత్తం ఖాళీ చేశాం. అడుగుదాకా ఊడ్చాం."

ఆమె ఏ వాక్యమూ ఎత్తలేదు.
కుర్చీ ఒక్క అంగుళం ముందుకు జరిగింది.

గంటల పట్టీలో రాయాలి నేను:
ఎదురెదురుగా కూర్చున్నది, ఒక గంట.
ఇంకా ఐదువందల పైచిలుకు మిగిలాయి.
పెన్ను రాయలేదు.
ఇంకోటి వెతుక్కున్నాను.