తుడవలే

రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయంటరు.
మా ఇంట్ల రోలు లేదు,
రేకులున్నయి.

దేవరకొండల పన్నెండు గొట్టంగనే
రేకు టిక్కుటిక్కుమంటది.
అండాలత్త చెంబు ముట్టదు.
నీళ్లు తాగితే లేవాలె,
బాత్రూం వాకిలి అవతల, ఎండల,
మోకాళ్లేమో ఒప్పుకోవు.

ఐతారం నాడు మాట తడబడ్డది.
నన్ను జూసి
ఎప్పుడో పోయిన చెల్లె పేరు వెట్టి పిలిచింది.
ఒళ్లు కాలిన పెంక.
చెమట చుక్క లేదు.

నూటెనిమిదికి ఫోన్ జేసి
నా చీరనే తడిపి కప్పిన,
బండి వచ్చేదాంక
చాటతోని విసురుతనే ఉన్న.

మూడొద్దులకు దవాఖాన నుంచొచ్చింది.
మంచం పక్కనే బకెట్ పెట్టి
దుప్పటి అడ్డం గట్టిన.
"సిగ్గుగాదానే?" అన్నది.
"తాగు" అన్న.

పొద్దు వాలినంక
ఆమె నొసటి మీద ఒక్క చుక్క మెరిసింది.
కొంగు ఎత్తిన.
తుడవలే.