ఆ ఆదివారం గీత

ఉమ్ ముసాయిద్ మణికట్టుకు
బెల్లం రంగు పట్టీ ఒకటి అతికించినారు ఆస్పత్రోళ్లు.
చింతగింజంత చిప్పు దాంట్లో.
చెమట తాగుతాదంట అది,
కీలు ఎంత కాగుతాండాదో లెక్కేస్తాదంట,
పొద్దున వేళ్లు విచ్చుకోను ఎంతసేపు పట్టిందో
ఫోనులో గీత గీసి చూపిస్తాదంట.

గీత పచ్చగా పారితే ఆ పూట ఇల్లంతా చల్లన.
ఎర్రగా లేచిందా,
పిల్లోళ్లు చెప్పులు చేత్తో పట్టుకొని నడుస్తారు,
పెద్దకోడలు తలుపు సప్పుడు కాకుండా వేస్తాది,
నేను నువ్వులనూనె వెచ్చజేసి
ఆ వేళ్లను ఒక్కోటీ సాగదీస్తా.

సాగదీసే వేళ్లను ఎవరు సాగదీయాల?

నాకూ రెండేండ్లుగా అదే.
జహ్రా మసీదులో తెల్లారుజాము పిలుపుకు లేస్తా,
పిడికిలి మాత్రం లేవదు.
కుళాయి కింద వేణ్ణీళ్లు పట్టి
వేలు వేలునూ బతిమాలుకుంటా:
లే నాయనా, రొట్టెల పిండి పిసకాల.
లే, ఇరవై టీగ్లాసులు కడగాల.
లే, నెలకు నూటపది దినార్లు
నీ గణుపుల మీదనే నిలబడుండాయి.
రాయచోటి ఏజెంటుకు ఫోన్ జేస్తే
"వాతంలే ఓబుళమ్మా, అందరికీ వచ్చేదే" అన్యాడు.

దురదగా ఉందని ఆ ఆదివారం
పట్టీ తీసి సబ్బుపెట్టె పక్కన పెట్టి
పడుకుండాది మామా.
గచ్చు తుడస్తా తుడస్తా
ఏమనిపించిందో, నా చేతికి అతికించుకున్నా.
దొంగతనం కాదు.
ఎవరూ లేనప్పుడు వాళ్ల అద్దంలో
మొగం చూసుకుంటామే, అట్ల.
మాంసం కోసినా. పదిహేడు మెట్లు కడిగినా.
దీవానియాలో తివాచీలు దులిపినా.
చేతికి ఉండాదనే మర్చిపోయినా.

అసర్ వేళకు ఫోను మోగింది.
డాక్టరమ్మ గొంతులో దడ:
అమ్మా, గీత ఇంత ఎత్తు ఎప్పుడూ లేవలేదు,
ఈ నొప్పితో ఎట్ల తిరగతాండారు మీరు?

మామా తన చేతులు చూసుకుండాది,
చల్లగా, గోరింటాకు పండి.
మణికట్టు చూసుకుండాది. ఉత్తది.
ఇంక తల తిప్పి
గడపలో తడిగుడ్డతో నిలబడిన నా చేతులు చూసింది.
ఆరేండ్లలో అదే మొదలు.

"అవును బిడ్డా," అనింది ఫోనులో,
"చానా నొప్పిగానే ఉండాది."

నేను పట్టీ పెరికి ఇచ్చినా.
తోలు మీద చదరంగా ఎర్రటి అచ్చు పడింది,
రెండు దినాలకు పోయింది.
బుధవారం కొత్త మందు గొట్టం వచ్చింది,
చీటీ మీద ఆమె పేరు.
వంటింట్లో గిన్నెలు తోమేకాడ పెట్టి పోయింది,
మర్చిపోయి పెట్టిందో, కావాలని పెట్టిందో
నేను అడగలే.
గ్లాసులు మటుకు ఇరవయ్యే.

మొన్న మనమడు ఆమె ఫోను తిరగేస్తా
చిన్నచిన్న గుట్టల నడుమ
ఒంటిగా లేచిన ఎర్రగీత మీద వేలు పెట్టినాడు:
అవ్వా, ఇదేం కొండ?

ఆమె నావైపు చూడకుండానే చెప్పింది,
"ఆ పొద్దు నేను చానా పనిచేసినా."