వార్ధా వంతెన

భాద్రపదంల వంతెన మునిగింది.
నా ఏడో కిలోమీటరు నీళ్ల కిందికి పోయింది.
తొమ్మిది రోజులు క్వార్టర్ల చుట్టే తిరిగిన
గానుగెద్దు లెక్క.
"నిన్నెవడు తరుముతుండయ్యా?" అని
మా పోశుబాయి ఒకటే నవ్వుడు.

ఇయ్యాల నీళ్లు తీసినయి.
రెయిలింగుకు గడ్డి, బురద, ఒక చిన్నపిల్ల గౌను.
దాని దిక్కు చూడకుండ ఉరికిన.

రాత్రి షిఫ్టు బొగ్గు ఇంకా రొమ్ములనే ఉంది,
దగ్గితే నాలుగడుగులు దండుగ.
పేపరు మిల్లు కంపు వీపు వెనకనుంచి వస్తే
తిరుగుదారిల ఎదురుగాలే.

రాజురా దాకా అడుగులు తెలుగుల లెక్కపెడ్త.
మర్లి వచ్చేటప్పుడు నాలిక ఎండి
బడిల బెత్తంతోటి నేర్పిన అంకెలే వస్తయి:
ఏకోణీస్, వీస్, ఏక్‌వీస్...
చాయ్ బండి గజాననరావు కేకేస్తడు,
"కితీ ఝాలే?"
వేళ్లు చూపిస్త.
మాటకు పెట్టేంత ఊపిరి లేదు.

కార్తీకంల నాగపూర్ల నలభై రెండు.
ఇరవై ఎనిమిది దాటి ఎన్నడు పోలే.
మిగిలిన పద్నాలుగు ఎట్లుంటదో తెల్వదు గని,
టోపీ లైటు ఆగిన కాడ
గని ఆగదని తెలుసు.

బూట్లు గోడ మీద ఎండకు పెట్టిన.
ఎడమది ఇంకా పచ్చిగనే ఉంది.