రెండు వడ్లగింజలు

పోచంపాడు కట్ట కింద రాళ్ల మీద కూసుని
డబ్బా తెరిచిన.
పదకొండేండ్ల సముద్రం వాసన
గుప్పున మొకానికి కొట్టింది.

నీలం వీపు, వెండి పొట్ట, ఎర్ర గొంతు.
ఇరవై మూడు ప్లాస్టిక్ చేపలు,
ఒక్కటి గూడ ఈ నీళ్లను ఎరిగింది కాదు.
అన్నీ ఊమలే.
ఒమాన్‌ల సార్డిన్‌ను అట్లనే అంటరు.

సూర్ ఒడ్డున శుక్రవారం పొద్దుగాల
కుంజుమోన్ నా చెయ్యి పట్టి ఆపేటోడు.
వచ్చీరాని హిందీల
"డబ్బా తర్వాత. ముందు నీళ్లు చూడు" అనేటోడు.
అల అంచుకు ఊమల గుంపు వణుకుతుంటే
వేలు జాపి పొడుగు కొలిచి
ఆ వేలంత చేపనే దారానికి కట్టేటోడు.
ఎండెక్కితే మెరుపు తగ్గించు,
నీళ్లు కలిగితే పెంచు,
తప్పిపోయినదాని తీరు ఈదియ్యి,
గుంపుల ఉన్నదాన్ని ఎవ్వడూ పట్టిచ్చుకోడు.
ఆ మాట చేపల గురించే అనుకున్న
అప్పుడు.

ఇక్కడ మూడు దినాలు ఇసిరిన.
వాలుగ ఒకటి ఎంబడొచ్చి
దగ్గరిదాక చూసి మళ్లిపోయింది,
వేరేటోళ్ల పెండ్లి హాల్ల దూరి
సప్పుడు చెయ్యక బయటికొచ్చినోని లెక్క.

సాయవ్వ వల దులుపుతున్నది.
నా నీలం చేపను చూసి నవ్వింది:
"గిదేం చేప కొడుకా, మా గంగల గిది పుట్టనే లేదు."
వల కన్నుల ఇరికిన పరకను తీసి
నా అరచేతుల పెట్టింది.
బొటనవేలంత.
వీపు పచ్చి చింతకాయ రంగు,
తోక మొదట్ల మినపగింజంత నల్లచుక్క.
"ఇప్పుడు గివే తింటయి.
పోయిన నెలయితే జెల్ల పిల్లలు."

ఇంటికొచ్చి సంచి అడుగున దేవులాడితే
క్యాంపు మెస్సు చెంచా దొరికింది.
గుంట వెనుక
మేకుతోని గీసుకున్న బెడ్డు నంబరు: 217.
కాడ కోసిన. ఆకురాయి పెట్టిన.
సుత్తెతోని నడుము వంచిన.
కాటుక నీళ్లల్ల నిలువదన్నది స్వరూప,
గోర్లరంగేమో గులాబీది.
బండి సైలెన్సర్ మసిని ఫెవిక్విక్కుల కలిపి
చుక్క పెట్టింది తనే,
దిష్టిచుక్క పెట్టినంత శ్రద్ధగ.
అంచు అరిగేసరికి
రెండు పోయి పదిహేడు మిగిలింది.

తెల్లారి మబ్బుల పోయి ఇసిరిన.
రాళ్లను రాసుకుంట, ఆగుకుంట,
ఒక పక్కకు ఒరుగుకుంట వస్తున్నది చెంచా.
మూడోసారికి
నీళ్లు బరువెక్కినయి.

రెండు కిలోలుంటది.
సాయవ్వ కత్తిపీటకాడ పొట్ట చీరితే
నాలుగు పరకలు,
చుక్కలు ఇంక చెరగలె.
వాటి పక్కన నా చెంచాను పెట్టి
ఒక కన్ను మూసి చూసింది.
"రెండు వడ్లగింజలంత పెద్దగైంది" అన్నది.

ఆకురాయి మళ్ల తీసిన.
ఈసారి ఆ పదిహేడు గూడ
పోతది కావచ్చు.